చూడని ఇంటికి నలుగురు సాక్షులు

రండర్రా, ఇంకాస్త ముందుకి రండి. గోడకి ఆనుకున్నవాళ్లు ఇటు జరగండి, వెనక నుంచి ఏదైనా వీపు తడితే తర్వాత నన్ననొద్దు. చాప చివర కూర్చున్నవాళ్లు కాళ్లు లోపలికి ముడుచుకోండి. ఆఁ... ఇక వినండి.

మూతపడ్డ నూనె మిల్లు వెనక ఒక ఇల్లుండేది. మిల్లు నడిచిన రోజుల్లో మేనేజరు కాపురం ఉన్న ఇల్లు. మిల్లు మూసేశాక ఆయన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆ ఇంటికి చెడ్డపేరు పట్టుకుంది.

చీకటి పడితే కిటికీలో దీపం కదిలేదట. ధైర్యం చేసి దగ్గరికి పోయినవాడికి లోపలి నుంచి ఒక చప్పుడు వినిపించేది... సర్ర్... ఎవరినో కాళ్లు పట్టుకుని నేల మీద ఈడుస్తున్నట్టు. కాసేపు ఆగి, మళ్లీ... సర్ర్.

పాలవాడు ఆ దారి మానేశాడు. తపాలా మనిషి అటువైపు ఉత్తరాలన్నీ మిల్లు గేటు సందులో దోపేసి వచ్చేవాడు. ఆ ఇంట్లో దయ్యాన్ని కళ్లతో చూసినవాడు ఒక్కడూ లేడు. కానీ దాని జుట్టు ఎంత పొడుగో, పాదాలు ఎటు తిరిగి ఉంటాయో ఊళ్లో ప్రతివాడూ చెప్పగలడు.

చూడనిదాన్ని చూసినట్టు చెప్పడంలో మాత్రం అందరికంటే ఆరితేరినవాడు ఇంకొకడున్నాడు. పోలీసు స్టేషను గేటు పక్కన టీకొట్టు నడిపేవాడు. అసలు పేరు ఇంట్లోవాళ్లకి తెలిసే ఉంటుంది గానీ, ఊరందరికీ సంతకాల బాబాయి.

ఆ పేరెందుకొచ్చిందో చెప్తాను. దొంగసొత్తు దొరికినా, కత్తి దొరికినా పోలీసులు పంచనామా అని ఒక కాగితం రాస్తారు. ఫలానా చోట, ఫలానా వేళకి, ఫలానా వస్తువు దొరికింది, మేం దగ్గరుండి చూశాం అని ఇద్దరు పెద్దమనుషులు దాని కింద సంతకం పెట్టాలి. రాత్రనక పగలనక పోలీసుల వెంట తిరిగే తీరికున్న పెద్దమనుషులు ఎక్కడ దొరుకుతారు? గేటు పక్కనే దొరుకుతారు. స్టేషన్లో రాతపని చూసే హెడ్డు ఒకాయన ఉండేవాడు, అందరూ రైటర్ గారనేవారు. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి, నాలుగు టీలు పట్రా బాబాయ్, పెన్ను నా దగ్గరుందిలే అనేవాడు. అంతే.

బాబాయి టీలు బల్ల మీద పెట్టి, వేళ్లు తుడుచుకుని, చూపించిన చోట సంతకం గీకి, ఖాళీ గ్లాసులు పట్టుకుని వచ్చేసేవాడు. రెండో సంతకం పక్కన పంక్చర్లు వేసుకునే సైకిల్ షాపాయనది. ఏ కాగితంలో ఏముందో ఇద్దరికీ తెలీదు. స్టేషను గోడకి ఆనించి కొట్టు పెట్టుకున్నవాడు స్టేషను రాసింది చదువుతానంటాడా?

కోర్టులో మాత్రం ఏం కష్టం? బోనెక్కి, సంతకం నాదేనండి అని దిగిపోవడమే. ఆ ఒక్క ముక్క అనడానికి ఆరేడుసార్లు తిరగాల్సొచ్చేది, అదొక్కటే బాధ. ఒకసారి జడ్జిగారు సెలవు. ఒకసారి లాయరుగారికి గొంతు నొప్పి. ఒకసారి ఫైలు కనపడలేదు. ఫైలు కనపడిన రోజున ముద్దాయిని జైలు నుంచి తీసుకురావడానికి వ్యాను లేదు. వాయిదా. మళ్లీ వాయిదా.

అలా సాగిపోతూ ఉండగా కలప డిపో కాపలాదారుని ఎవరో పొడిచి చంపారు.

పది రోజులైనా ఎవరో తేలలేదు. పైవాళ్లు కేకలేశారు. ఆ కాపలాదారుతో అంతకు వారం ముందు ఒక తాపీ మేస్త్రి సెంట్రింగు చెక్కల గురించి తగువు పడ్డాడు. ఇంకేం కావాలి? మేస్త్రిని పట్టుకొచ్చారు. మనిషైతే దొరికాడు గానీ కత్తి దొరకలేదు. కత్తి కూడా దొరకాలంటే ఎక్కడైనా దొరకాలి కదా. రైటర్ గారు పెన్ను మూత కొరుకుతూ చాలాసేపు ఆలోచించి మిల్లు వెనక ఇంటిని ఎంచుకున్నాడు. దయ్యాలకొంప. అటు ఎవడూ పోడు. పోయి చూసి, అబ్బే అలా లేదే అనేవాడు పుట్టలేదు.

'నిర్మానుష్యమైన ఆ ఇంటి పెరట్లోని నూతిలో, లోపలి గూట్లో దాచిన కత్తిని ముద్దాయి తానే స్వయంగా తీసి, రాత్రి పదకొండు గంటలకి మా సమక్షంలో అప్పగించాడు' అని రాసుకున్నారు. కింద రెండు సంతకాలు. స్టేషను బల్ల మీద కత్తి పెట్టి, స్టేషనుకి అలవాటైన ఫోటోగ్రాఫరు చేత ఒక ఫోటో. రెండేళ్లయింది, మేస్త్రి జైల్లోనే ఉన్నాడు. ఆ కత్తి తప్ప అతని మీద ఇంకో ముక్క సాక్ష్యం లేదు. కత్తి నిలబడితే యావజ్జీవం. పడిపోతే ఇంటికి.

వాయిదా ఉన్నప్పుడల్లా మేస్త్రి భార్య వచ్చి టీకొట్టు పక్కన మెట్టు మీద కూర్చునేది. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు. అదే బాబాయికి ఇబ్బంది. తిడితే తిరిగి తిట్టొచ్చు.

చివరికి బాబాయిని బోనెక్కించే వాయిదా వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం ఆవిడ గ్లాసు తిరిగిస్తూ అడిగింది.

"అన్నయ్యా, ఒక్క మాట. మా ఆయన నూతిలోంచి కత్తి తీయడం మీరు చూశారా?"

బాబాయి పాలగిన్నె వైపు చూశాడు.

"మీరు చూశానంటే నమ్ముతాను. నమ్మి ఊరుకుంటాను. రెండేళ్ల నుంచీ ఎవరిని నమ్మాలో తెలీక చస్తున్నాను."

"సంతకం ఉంది కదమ్మా," అన్నాడు బాబాయి.

"సంతకం గురించి కాదన్నయ్యా..." అని, ఇంకేం అనకుండా వెళ్లిపోయింది.

అది చాలదన్నట్టు సాయంత్రానికి ఇంకో కబురు. మేస్త్రికి సొంత లాయరుని పెట్టుకునే శక్తి లేకపోతే కోర్టువారే ఒక కుర్ర లాయరమ్మని ఇచ్చారు. మిగతా లాయర్లంతా ఆమెని చూసి నవ్వుకునేవారు, ఫైలు మొదటి పేజీ నుంచి చదువుతుందని. ఆమె రేపు నూతి ఏ పక్కనుందో, తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికో అడగబోతోందట. బాబాయి కొట్టు వదిలేసి లేచాడు. రైటర్ గారి దగ్గరికి పరిగెత్తితే ఆయన చెవిలో పుల్ల తిప్పుకుంటూ, ఏదో ఒకటి చెప్పవయ్యా, ఇల్లన్నాక తలుపుండదా, నుయ్యన్నాక గట్టుండదా అన్నాడు.

ఇంటికొచ్చి భార్యతో చెప్పుకుంటే ఆవిడ గరిటె ఆపకుండానే అంది.

"నేను బజారుకి వెళ్లొచ్చానంటే సంచి చూపించమంటారు. చూడని నూతిలో కత్తి మాత్రం చూసొచ్చారన్నమాట."

ఆ మాట ముల్లులా దిగింది. నిజం చెప్పేద్దామని కాదు సుమా... అంత దూరం పోలేదు అతను. అబద్ధమైనా కాస్త కొలతలు సరిపోయేట్టు చెప్పాలి కదా, అని. పగలు వెళ్తే ఎవడైనా చూసి లాయరమ్మకి చేరవేస్తాడు. అందుకని కొట్టు కట్టేసి, టార్చి పట్టుకుని, చీకటి పడ్డాక బయల్దేరాడు.

మిల్లు గోడ పగిలిన చోట నుంచి లోపలికి దూరాడు. మోకాలెత్తు పిచ్చిగడ్డి. తుప్పుపట్టిన నూనె డ్రమ్ములు. టార్చి వెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఎదురుగా ఇల్లు... కిటికీలో దీపం.

సర్ర్...

బాబాయి డ్రమ్ము వెనక కూలబడ్డాడు. వెళ్లిపోదామని వెనక్కి తిరిగాడు — అప్పుడు వినిపించింది.

"...నాలుగు... అయిదు... ఆరు..."

గోడ పక్కన తెల్లటి ఆకారం. వంగి, ఒక్కో అడుగూ నేల మీద ఆనించి ఆనించి వేస్తూ, గొణుగుతూ నడుస్తోంది. చచ్చినవాళ్లు ఏం లెక్కపెడతారు? చంపాల్సినవాళ్లనా?

ఉన్నట్టుండి పెరడంతా తెల్లగా మెరిసింది. ఉరుము లేదు, మబ్బు లేదు... ఒక్క మెరుపు. మళ్లీ కటిక చీకటి.

అప్పుడు బాబాయి భుజం మీద చల్లగా, జిడ్డుగా ఒక చెయ్యి పడింది.

ఎలాగో గుసగుసలాడాడు. "ఎ... ఎవరు?"

"నేను..." అంది చీకటి.

"నేనంటే?"

"రెండో సంతకం."

సైకిల్ షాపాయన. చేతికి గ్రీజు ఇంకా వదల్లేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వణుకుతుంటే, లెక్కపెట్టే తెల్లటి ఆకారం ఇటు తిరిగింది. తిరిగి, పోలీసు దగ్గు ఒకటి దగ్గింది. తెల్ల బనీను, తెల్ల లుంగీ... రైటర్ గారు. ఆ వెనక మెరిసిన మెరుపు ఫోటోగ్రాఫరు కెమెరాది.

నలుగురూ నూతి దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండేళ్ల కిందట ఇదే చోట, ఇదే నూతి పక్కన, కళ్లారా చూశామని రాసిచ్చిన నలుగురు. ఒక్కడికీ అంతకుముందు ఆ ఇంటి గోడ రంగైనా తెలీదు.

కిటికీలో దీపం వైపు మాత్రం ఎవరూ తల తిప్పలేదు. ముందు తేరుకున్నది రైటర్ గారే. మీరంతా ఇక్కడికెందుకొచ్చారని గద్దించబోయి, తానెందుకొచ్చాడో గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. వచ్చింది మంచిదే అయింది, అందరం ఒక్క మాట మీద ఉండొచ్చన్నాడు. తలుపు బయటికి తెరుచుకుంటుంది. నుయ్యి కుడి పక్క. బాబాయి బుద్ధిగా వేళ్లు మడిచి బట్టీ పట్టాడు. ఫోటోగ్రాఫరు, నూతి గట్టు ఫోటో తీశాను, రెండేళ్ల కిందటి తేదీ వేసుకొస్తానన్నాడు.

"గుమ్మం నుంచి నూతికి పదకొండు అడుగులు," అన్నాడు రైటర్ గారు. "అందరూ అనండి. పదకొండు."

"పదకొండు," అన్నారు ముగ్గురూ.

కిటికీలో దీపం ఆరిపోయింది.

సర్ర్ మనే చప్పుడు ఆగింది.

గుమ్మం దగ్గర, చీకట్లోంచి... మెల్లగా, అలిసిపోయిన గొంతు—

"పదకొండు కాదు... పదిహేడు."

రైటర్ గారు ఎటు పోయాడో ఆయనకే తెలీదు. ఫోటోగ్రాఫరు కెమెరాని గుండెకి హత్తుకుని గోడ దూకేశాడు. సైకిల్ షాపాయన చెప్పులు అక్కడే మిగిలాయి. బాబాయి కూడా పరిగెత్తాడు గానీ రెండంగల్లో వెనక నుంచి ఎవరో పంచె పట్టుకుని లాగారు. ఇంకా లాగితే ఇంకా గట్టిగా పట్టారు. కళ్లు మూసుకుని నిలబడిపోయాడు.

మూసిన రెప్పల మీద వెలుగు పడింది. దీపం మళ్లీ వెలిగించినట్టున్నారు. అడుగుల చప్పుడు... దగ్గరికి... ఇంకా దగ్గరికి. ఒక్క కన్ను తెరిచాడు. ఎదురుగా జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. ఒక చేతిలో లాంతరు. రెండో చేతిలో — జానెడు పొడుగు దబ్బనం.

"కదలకు నాయనా," అంది ఆవిడ. "ముళ్లకంచెకి పట్టుకుంది. లాగితే చిరుగుతుంది."

కంచె నుంచి పంచె విడిపించి, కొస చూసి, పెద్దగా పోలేదులే, రెండు కుట్లు వేస్తే చాలంది. దయ్యం బట్టల బాగోగులు చూస్తుందని ఊళ్లో ఎవరూ చెప్పలేదు.

గోనెసంచులు కుట్టుకునే మనిషావిడ. ఆరేళ్ల నుంచీ ఆ ఇంట్లోనే ఉంటోంది. రాత్రిళ్లు దీపం దగ్గర కూర్చుని చిరిగిన గోనెల్లోంచి పురికొస లాగి కుడుతుంది, సర్ర్... సర్ర్... అని. వెలుగు రాకముందే కట్ట నెత్తిన పెట్టుకుని బజారు చేరుతుంది. దయ్యం ఉందని జనం అనుకుంటుంటే ఆవిడ కాదనలేదు. ఒంటరిదాన్ని, తలుపుకి గడియ కూడా లేదు, అంతకంటే మంచి కాపలా ఏముంటుంది అంది.

బాబాయి గుక్క తిప్పుకుని, రెండేళ్ల కిందట ఒక రాత్రి పోలీసులు మేస్త్రిని తీసుకొచ్చి నూతి గూట్లోంచి కత్తి తీయించారు కదా అని అడిగాడు.

"గూడా?" అందావిడ. "సిమెంటు వరల నుయ్యి. చీమ కూడా జారిపోతుంది. రోజూ తోడుకునేదాన్ని, నాకు తెలీని గూడెక్కడిది?"

లాంతరు నూతిలోకి వంచి చూపించింది. నున్నగా, గుండ్రంగా, కింది దాకా.

"ఆరేళ్లలో చీకటి పడ్డాక ఈ పెరట్లో అడుగు పెట్టింది మీరే నాయనా. నలుగురు మగాళ్లు చీకట్లో అడుగులు లెక్కపెడుతుంటే నాకే ఒళ్లు జలదరించింది. దయ్యాలేమో అనుకున్నాను."

ఆ రాత్రి బాబాయి పడుకోలేదు. తెల్లారగానే ఆవిణ్ణి వెంటబెట్టుకుని లాయరమ్మ గుమ్మం తొక్కాడు.

కోర్టులో పదిన్నరకి పిలవాల్సిన కేసు పన్నెండున్నరకి పిలిచారు. బాబాయి బోనెక్కాడు. ప్రభుత్వ వకీలు తల ఎత్తకుండానే సంతకం నీదేనా అన్నాడు. నాదేనండి అన్నాడు బాబాయి. వకీలు కూర్చోబోయాడు. ఆయన లెక్కలో పని అయిపోయింది.

లాయరమ్మ పంచనామా రెండో పేజీ పైకెత్తింది. దాని మీద గుండ్రటి మరక ఒకటుంది, గోధుమరంగుది.

"నడిరాత్రి, నిర్మానుష్యమైన ఇంట్లో, నూతి పక్కన మీకు టీ ఎవరిచ్చారు?"

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు బల్ల తట్టారు. బాబాయి ఒకసారి వెనక బల్ల మీద కూర్చున్న మేస్త్రి భార్యని చూశాడు. ఆవిడ నవ్వలేదు.

"నేనేనండి," అన్నాడు. "స్టేషన్లో ఇచ్చాను. సంతకమూ అక్కడే పెట్టాను. ఆ ఇల్లు నేను మొదటిసారి చూసింది నిన్న రాత్రి."

వెంటనే ప్రభుత్వ వకీలు లేచి, ఈ సాక్షి ఎదురు తిరిగాడు, ఇతన్ని నమ్మొద్దని మనవి చేశాడు. గమనించారా? అన్నేళ్లు చూడనిదాన్ని చూశానన్నప్పుడు పెద్దమనిషి. చూడలేదన్న రోజున నమ్మకూడనివాడు.

తర్వాత రైటర్ గారు బోనెక్కాడు. ఇస్త్రీ బట్టలు, నుదుటి మీద గోడ గీరిన గాయం. ఈ టీకొట్టువాడికి మతి చలించింది, మేమంతా ఆ రోజు వెళ్లాం, ఆ ఇంట్లో పిట్ట కూడా ఉండదు అని గంట కొట్టినట్టు చెప్పాడు. లాయరమ్మ కాదనలేదు. తలుపు వైపు తిరిగి, అమ్మా, లోపలికి రండి అంది.

సంచులు కుట్టే ఆవిడ గుమ్మంలో నిలబడింది. విరబోసిన జుట్టు, చేతిలో దబ్బనం.

రైటర్ గారు బోను కర్ర రెండు చేతులా పట్టుకున్నాడు.

"అయ్యా... అదే. నిన్న రాత్రి నూతి దగ్గర మాకు కనిపించింది అదే. ఒట్టు. నలుగురం చూశాం."

ఆ మనిషి కోర్టులో చెప్పిన మొదటి నిజం అదేనేమో.

జడ్జిగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నిన్న రాత్రి మీ నలుగురికీ అక్కడేం పని?"

రైటర్ గారు నుదుటి మీద గాయం తడుముకున్నాడు. టైపు కొట్టే ఆయన మాత్రం ఆగలేదు. వెనక వరసలో ఫోటోగ్రాఫరు కుర్చీ అప్పటికే ఖాళీ.

మేస్త్రి ఇంటికొచ్చాడు... వెంటనే అనుకునేరు. తప్పు లేదని అందరికీ తెలిసిపోయిన మనిషికి తప్పు లేదని రాయడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. మధ్యలో సెలవులొచ్చాయి. రైటర్ గారికి గట్టి శిక్షే పడింది, ఇంకో స్టేషనుకి బదిలీ చేశారు. అక్కడ గేటు పక్కన రెండు టీకొట్లున్నాయట. కాపలాదారుని చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు. ఎవరూ వెతకనూ లేదు.

ఒకరోజు మేస్త్రి భార్య టీకొట్టుకొచ్చింది. బాబాయి గ్లాసు కడిగి, కాస్త పాలు ఎక్కువ పోసి అందించాడు. నాలుగు మంచి మాటలు వినాలని అతనికీ ఉంటుంది కదా. ఆవిడ టీ తాగి, గ్లాసు పెట్టి అంది.

"మా ఆయన ఉన్న గదిలోనే ఇంకో ముగ్గురున్నారట అన్నయ్యా. వాళ్ల కాగితాల కింద కూడా మీ సంతకమేనట. వాళ్ల చోట్లకి ఎప్పుడు వెళ్తారు?"

బాబాయి గిన్నె దించి పొయ్యి ఆర్పేశాడు.

మర్నాడు కోర్టు పాత ఫైళ్ల గదికి వెళ్లి, అక్కడి గుమస్తా కాళ్లూ వేళ్లూ పట్టుకుని తన సంతకమున్న కేసుల జాబితా రాయించుకున్నాడు. నలభై మూడు. నలభై మూడు చోట్లు — వంతెన కింద, అటకల మీద, గోదాముల్లో, పాడుబడ్డ కొట్టాల్లో. మిల్లు వెనక ఇల్లు తప్ప ఒక్కటీ చూసింది కాదు. కొందరు శిక్ష పూర్తిచేసి వచ్చేశారు. కొందరు ఇంకా లోపలే. ఇద్దరు లోపలే పోయారు.

అప్పటి నుంచీ చీకటి పడగానే కొట్టు కట్టేసి బయల్దేరతాడట. ఒక్కో చోటుకీ వెళ్లి, అక్కడ నిలబడి, మెల్లగా పిలుస్తాడట... ఆ రోజు ఇక్కడికెవరైనా వచ్చారా... ఎవరైనా చూశారా... అని. చీకట్లో ఆ గొంతు విన్నవాళ్లు తలుపులు బిడాయించుకుని దుప్పట్లు కప్పుకుంటున్నారు. పలికినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఇప్పుడు నలభై మూడు చోట్లకీ చెడ్డపేరు వచ్చేసింది.

మొన్న మన వీధి చివర గోదాము దగ్గర ఎవరో పిలుస్తున్నారని మీలో ఇద్దరు పరిగెత్తుకొచ్చారే... ఆ గోదాము జాబితాలో ఉందో లేదో నాకు తెలీదు.

సరే, లేవండి. మీ అమ్మలు అన్నాలు పెట్టుకుని ఎదురుచూస్తుంటారు. చల్లారకముందే వెళ్లి తినండి. దారిలో ఎవరైనా పిలిస్తే పరిగెత్తకండి. ఆగి, చూసింది ఉంటే చూశామనండి. చూడకపోతే... చూడలేదనండి.